వాసన చెప్పే నీతి

వంటింట్లో స్టవ్ వెలిగించబోతే ఒక్కొక్కసారి గుప్పుమని చెడువాసన వస్తుంది. వెంటనే కిటికీలు తెరుస్తాం, పిల్లల్ని బయటికి పంపేస్తాం. నిజానికి ఆ వాసన గ్యాస్‌ది కాదు. సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్‌కు ఏ వాసనా ఉండదు. మెర్కాప్టన్ అనే పదార్థాన్ని మనుషులే అందులో కలుపుతారు.

దాని వెనుక పెద్ద విషాదం ఉంది. 1937 మార్చి 18న టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి బడి పేలిపోయింది. చమురు బావుల దగ్గర నుంచి తెచ్చుకున్న గ్యాస్ లీకై నేల కింద నిండినా ఎవరికీ తెలియలేదు. సుమారు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే గ్యాస్‌కు వాసన కలపాలని అక్కడ చట్టం వచ్చింది.

గ్యాస్ వాడుకునే మనకు ఆ విధంగా ఒక హెచ్చరిక దొరికింది. మరి గ్యాస్ తీసేచోట బతికేవారి మాట ఏమిటి?

2003 డిసెంబర్ 23 రాత్రి చైనాలోని చోంగ్‌చింగ్ ప్రాంతంలో ఒక గ్యాస్ బావి అదుపు తప్పి 243 మంది చనిపోయారు. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. వైద్యులుగా మాకు ఈ విషం గుణం తెలుసు. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు దాటితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కదా అని మనిషి స్థిమితపడే వేళకు ప్రమాదం నెత్తిమీదికి వస్తుంది. అక్కడ ముక్కును నమ్ముకుంటే లాభం లేదు. సైరన్ ఉండాలి, తలుపు తట్టి లేపే మనిషి ఉండాలి.

మన కోనసీమకూ ఈ అనుభవం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో రేగిన మంట రెండు నెలలు దాటినా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకొని ఇరవై మందికి పైగా మరణించారు.

గ్యాస్ వద్దని మేము అనడం లేదు. కట్టెలపొయ్యి పొగలో దగ్గుతూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మన అమ్మమ్మల ఊపిరితిత్తులను మరిచిపోయి మాట్లాడలేం. కాని సుఖం ఒకరిది, ప్రమాదం మరొకరిది అయినప్పుడు, ఎక్కువమందికి మేలు కదా అని లెక్క కట్టి ఊరుకోవడం న్యాయమేనా?

ఆపరేషన్‌కు ముందు రోగిచేత సంతకం పెట్టించుకుంటాం. పని తొందరలో కాగితం చూపించి, వేలితో చోటు చూపించిన రోజులు మాకూ ఉన్నాయి. అది సంతకమే గాని సమ్మతి కాదు. ఏమి జరగవచ్చో అతని భాషలో, అతనికి అర్థమయ్యేలా చెప్పినప్పుడే అది సమ్మతి. "వెయ్యిమందిలో ఒక్కరికే ఇలా అవుతుంది" అనడం మాకు తేలిక; ఆ ఒక్కరికి అదే సర్వస్వం. భూమికి పరిహారం ముట్టజెప్పడం కూడా సంతకం వంటిదే. ఇంటి పక్కనుంచి ఏ గొట్టం పోతోందో, సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో, ఎవరికి చెప్పుకోవాలో ఆ రైతుకు తెలియనంతవరకు అతడు ఒప్పుకున్నాడనడం అన్యాయం.

కోనసీమ గ్యాస్ ఇక్కడి మన పొయ్యిలోకి రాదు. అయినా మన పొయ్యిలో మండేది కూడా ఎవరి ఊరి కిందనుంచో తీసిందే. గ్యాస్‌కు వాసన కలిపినవారు మన ప్రాణానికి విలువ ఇచ్చారు. బావి పక్కనున్న ప్రాణానికీ అంతే విలువ ఇమ్మని అడగడం ఆ మంట మీద అన్నం వండుకునే మన బాధ్యత.