పోలిక కుదరనంత మాత్రాన శంకించవచ్చా?

ఒక రోజు అస్ర్ నమాజు అయ్యాక ఒక యువకుడు మస్జిదులోనే కూర్చుండిపోయాడు. అందరూ వెళ్ళేదాకా ఆగి, మా దగ్గరకు వచ్చి జేబులోంచి ఒక చీటీ తీశాడు. అది రక్త పరీక్ష చీటీ. అతనిది బి గ్రూపు, భార్యది ఎ గ్రూపు, నెలల బిడ్డది ఓ గ్రూపు. "మా ఇద్దరికీ లేని గ్రూపు బిడ్డకెలా వచ్చింది మౌలానా?" అన్నాడు. అతను అడుగుతున్నది రక్తం గురించి మాత్రమే కాదని మాకు అర్థమైంది.

ఈ అనుమానం కొత్తది కాదు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఫజారా తెగకు చెందిన ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని పిల్లవాణ్ణి కన్నదని చెప్పాడు. నేరుగా నింద మోపలేదు గాని, మాట చాటున తన శంకను బయటపెట్టాడు. ఆయన (స) అతన్ని గద్దించలేదు. భార్యను పిలిపించి విచారించనూ లేదు. అతనికి బాగా తెలిసిన ఒంటెల సంగతి అడిగారు. తన ఒంటెలు ఎర్రనివని, అయినా వాటిలో బూడిద రంగువి కూడా ఉన్నాయని అతను చెప్పాడు. అవెలా వచ్చాయని అడిగితే, పూర్వపు మూలం ఏదో లాగి ఉంటుందని అతనే ఒప్పుకున్నాడు. కొడుకు విషయంలోనూ అలాగే జరిగి ఉండవచ్చని ఆయన (స) అతనికి నచ్చజెప్పారు. బిడ్డను కాదనడానికి అనుమతి ఇవ్వలేదు.

హదీసులోని అరబీ పదం 'ఇర్ఖ్'. నరం, వేరు, వంశమూలం అనే అర్థాలు దానికున్నాయి. దీన్ని చూపి, దైవప్రవక్త (స) ఆనాడే జన్యుశాస్త్రం బోధించారని చెప్పి సభల్లో సుబ్‌హానల్లాహ్ అనిపించుకునే వక్తలున్నారు. మేము అంత దూరం వెళ్ళము. ఒంటెలు మేపేవారందరికీ తెలిసిన సంగతినే గుర్తుచేసి ఆయన (స) ఒక ఇంటిని కూలిపోకుండా కాపాడారు. హదీసు గొప్పతనానికి అది చాలు.

ఆ మూలం ఎలా దాగి ఉంటుందో లెక్కకట్టి చూపినవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బ్రనో పట్టణపు మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచి, 1866లో తన ఫలితాలు ప్రచురించాడు. ఊదా పూల మొక్కను తెల్లపూల మొక్కతో సంకరం చేస్తే, మొదటి తరంలో అన్నిటికీ ఊదా పూలే పూశాయి. తెలుపు నశించిందనే ఎవరైనా అనుకుంటారు. కాని ఆ తర్వాతి తరంలో 705 మొక్కలకు ఊదా పూలు, 224 మొక్కలకు తెల్లపూలు వచ్చాయి. తెలుపు ఎక్కడికీ పోలేదు, ఊదా చాటున ఒక తరం ఉండిపోయిందంతే.

రక్తం గ్రూపుదీ ఇదే దారి. బిడ్డకు తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తాయి. ఎ గాని బి గాని పక్కన ఉంటే ఓ పైకి కనబడదు. ఎ గ్రూపు తల్లిలోనూ బి గ్రూపు తండ్రిలోనూ ఓ దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ ఓ గ్రూపు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి కాన్పులోనే పుట్టవచ్చు.

మేము ఆ యువకుణ్ణి, "మీ అమ్మగారిది ఏ గ్రూపు?" అని అడిగాం. ఫోను చేసి కనుక్కున్నాడు. ఓ గ్రూపట. అంటే అతనిలో ఓ జన్యువు తప్పకుండా ఉంది. బిడ్డను లాగిన మూలం సగం అతని కన్నతల్లిదే!

మరి లెక్క నిజంగానే కుదరకపోతే? ఎబి గ్రూపు తండ్రికి ఓ గ్రూపు బిడ్డ మామూలుగా పుట్టడు. అక్కడ కూడా తొందరపడరాదు. ఎ, బి జన్యువులు ఉండి కూడా మామూలు పరీక్షలో ఓ గా కనిపించే రక్తాన్ని వైద్యులు 1952లో మన బొంబాయిలోనే గుర్తించారు. అందుకే దానికి బొంబాయి గ్రూపని పేరు. చాలా అరుదు, కాని ఉంది. ఇక ఒంటి రంగు అనేక జన్యువులు కలిసి తేల్చే విషయం. దాన్ని చూసి తీర్పు చెప్పడం మరీ అన్యాయం.

డి.ఎన్.ఎ. పరీక్ష చేయించవచ్చా అని కూడా అతను అడిగాడు. మక్కాలోని ఇస్లామీ ఫిఖ్‌హ్ మండలి 2002లో దీనిపై తీర్మానం చేసింది. ఆసుపత్రిలో పిల్లలు తారుమారైనప్పుడు, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డ కోసం వివాదం వచ్చినప్పుడు ఆ పరీక్షను ఆశ్రయించవచ్చు. షరీఅత్ ప్రకారం స్థిరపడిన వంశాన్ని సరిచూసుకోవడానికి మాత్రం చేయించరాదు. భర్త బిడ్డను కాదనదలిస్తే షరీఅత్‌లో ఉన్న మార్గం లిఆన్. అంటే అల్లాహ్ సాక్షిగా నాలుగుసార్లు ప్రమాణం చేసి, అయిదోసారి తాను అబద్ధమాడితే తనపై దైవశాపం పడాలని పలకాలి. అన్నూర్ సూరాలో ఈ ఆదేశం ఉంది. నలుగురు సాక్షులు లేకుండా శీలవతిపై నింద వేసేవారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష ఉన్నదీ ఆ సూరాలోనే. పొరుగింటామె అన్న మాటతో, ఒక చీటీతో అంత పని చేయగలవా అని అడిగాం. అతను తల దించుకున్నాడు.

కాసేపటికి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. భార్యకు ఈ సంగతి చెప్పావా అంటే, నోటితో ఏమీ అనలేదన్నాడు. బిడ్డను ఎత్తుకుని ఎన్ని రోజులైందని అడిగాం. లెక్కపెట్టుకుని, పది రోజులన్నాడు. వెళ్ళి ముందు ఆమెను క్షమాపణ అడగమన్నాం. మగ్‌రిబ్ చదువుకుని వెళతానన్నాడు. మగ్‌రిబ్‌కు ఇంకా గంట సమయం ఉంది, వెళ్ళి రమ్మన్నాం.