పూడ్చబడిన ఊటలు

ధ్యానభాగము: ఆదికాండము 26:12–33



ఈ నెల ధ్యానమునకు ఇస్సాకు బావులను గూర్చిన అధ్యాయమును తీసికొనుచున్నాము. యుద్ధములును గొప్ప అద్భుతములును ఇందులో లేవు గనుక దీనిని మనము తరచుగా దాటిపోవుదుము. ఇస్సాకును గూర్చి వ్రాయబడినదే కొంచెము; ఆ కొంచెములోను చాలమట్టుకు మన్ను త్రవ్వుటయే. సేద్యగాండ్రమైన మనకు అది చిన్న పనిగా కనబడరాదు.

అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. ఆ నీళ్లు వారికిని వారి పశువులకును పనికివచ్చునవే గదా, మరి ఎందుకు పూడ్చిరి? ఇస్సాకుమీది అసూయచేత అని పదునాలుగవ వచనము చెప్పుచున్నది. నీళ్లు కరవైన దేశములో బావిని పూడ్చువాడు తన నోట తానే మన్ను కొట్టుకొనుచున్నాడు. అయినను పూడ్చిరి. ఇస్సాకు వచ్చి వారితో యుద్ధము చేయలేదు. పారలు పట్టించి ఆ మన్ను తీయించెను. తండ్రి పెట్టిన పేళ్లనే ఆ బావులకు మరల పెట్టెను. ఈ పేళ్ల మాట జ్ఞాపకముంచుకొనుడి.

హైదరాబాదు నగరపు నడుమ బాగ్ అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అను నీటితావు ఉండెను. పూర్వము స్త్రీలు బతుకమ్మలను అందులో విడిచెడివారు. రానురాను ఇండ్లు కూల్చిన మట్టియు పెంకులును లారీలతో తెచ్చి అందులో పోసిరి. నీళ్లు పోయినవి, ముళ్లపొదలు మొలిచినవి. పదునాలుగు ఎకరముల కుంటలో అయిదెకరముల చిల్లర మాత్రము ఖాళీనేలగా మిగిలెను. ఆ మిగిలినదియు నాదేనని న్యాయస్థానమునకు వెళ్లినవారు కలరు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అను ప్రభుత్వ సంస్థవారు 2025 ఫిబ్రవరిలో అక్కడ త్రవ్వుట మొదలుపెట్టగా, కొద్ది అడుగుల లోతుననే నీళ్లు ఉబికి వచ్చెను. పైపు పగిలిన నీళ్లని కొందరనిరి. పరీక్ష చేయించగా భూమిలోని ఊటయేయని తేలెను. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో, బతుకమ్మ పండుగ దినములలోనే, చుట్టును నడకదారితోను చెట్లతోను అది ప్రజలకు తెరువబడెను.

ఇన్ని యేండ్లు చెత్త మోసినను ఊట చావలేదు. మేము ఈ సంగతి విన్న దినమున ఆదికాండము తెరచి చదివి చాలసేపు ఊరకుంటిమి.

ఇది అన్యుల పండుగ పేరుగల కుంట, మనకేమి పని అని ఒక సహోదరుడు మమ్మును అడిగెను. ఇస్సాకు త్రవ్వినది ఫిలిష్తీయుల దేశములోనే గదా! తాము కాపురముండు పట్టణముయొక్క క్షేమము కోరుమని యిర్మీయా చెరలోనున్నవారికి వ్రాసెను (29:7). ఆ పట్టణము బబులోను. మన రక్షకుడు సమరయ స్త్రీని నీళ్లడిగినప్పుడు బావి ఎవరిదని విచారింపలేదు. పెద్దలు పెట్టిన పేరు నిలువనిచ్చుటయు ఇస్సాకు చేసిన పనియే.

నగరపు మాట అటుండనిండు. మన కొంపల్లి సంగతి చూడుడి. మేడ్చల్, శామీర్‌పేట వైపున అనాబ్‌షాహి ద్రాక్షతోటలు ఎంత పేరుపొందినవో ముసలివారు చెప్పుదురు. ఆ తోటలున్న చోట్ల నేడు కాలనీలు లేచినవి. కొంపల్లి ప్రక్కనున్న ఫాక్స్‌సాగర్ చెరువు 1897లో, నిజాముల కాలమున, కట్టబడినది. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు నిండి పొంగగా ఉమామహేశ్వర కాలనీ ఇండ్లు అనేక దినములు నీళ్లలో నిలిచెను. జనులు పడవలలో బయటికి రావలసివచ్చెను. నీళ్లు తమ పాత త్రోవను మరచిపోవు, మరచినది మనమే.

నిర్గమకాండము 23వ అధ్యాయము 11వ వచనమును చూడుడి. ఏడవ యేట భూమిని బీడు విడువవలెను. అందు మొలిచినది బీదలు తినవలెను. వారు మిగిల్చినది అడవిమృగములు తినవలెను. ధర్మశాస్త్రములో మృగములకును ఒక వంతు వ్రాయబడియున్నది! బీదలును మృగములును ఒకే వచనములో ఒకే నేలమీద నిలిచియున్నారు. కాబట్టి ఖాళీనేల అనునది ఎవరికిని చెందని నేల కాదు. అందుచేత తోట వేయువారితో మేము ఒక మాట చెప్పుదుము. విదేశపు గడ్డి పరచి, రంగుదీపములు వ్రేలాడగట్టి, గట్టంతయు సిమెంటు చేసినయెడల చూచుటకు బాగుగనే యుండును గాని నీటికోడి గ్రుడ్లు ఎక్కడ పెట్టును? ఒక ప్రక్క గట్టు ఏటవాలుగా, మెత్తని బురదతో, తుంగతో విడువవలెను. రాత్రి ఆ ప్రక్క దీపము ఉండరాదు. కానుగ, వేప, జువ్వి, మోదుగ నాటవలెను. జువ్విపండ్లకు పిలువకయే పిట్టలు వచ్చును. అమీన్‌పూర్ చెరువు పక్షులనుబట్టియే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడెను. అదియు కాలనీల నడుమనున్న చెరువే.

అయితే ఒక సంగతి మా మనస్సును బాధించుచున్నది. 2024లో నగరపు చెరువులలోని కట్టడములు కూల్చినప్పుడు బీదల కన్నీళ్లును మనము చూచితిమి. ప్లాటు అమ్మినవాడు డబ్బు తీసికొని వెళ్లిపోయెను. కాగితములు చూపించి కొన్నవాడు సామానుతో వీధిలో నిలిచెను. చెరువు మరల రావలసినదే. కాని పూడ్చినవాని పాపమును కొన్న బీదవాడు మోయుట న్యాయము కాదు. అతనికి ముందుగా గూడు చూపవలెను. మొదటి బావి విషయములో గొడవ, రెండవదాని విషయములో పగ వచ్చినప్పుడు ఇస్సాకు వాటిని విడిచి ముందుకు సాగెను. జగడము లేని మూడవ దానికే విశాలమను భావముగల రహెబోతు అని పేరు పెట్టెను. ఒకరిని వెళ్లగొట్టి సంపాదించిన చోటును విశాలమని పిలువగలమా?

ఇక మా సొంత మాట. మా గుడి ప్రాకారములో, సమాధుల దొడ్డి ప్రక్కన, పాతకాలపు దిగుడుబావి ఒకటి ఉండెడిది. దానిని పూడ్చినవారు ఫిలిష్తీయులు కారు. మేమే. గుడి గోడ తిరిగి కట్టించినప్పుడు పాతగోడ రాళ్లు ఎక్కడ వేయుదుమని మేస్త్రీ అడిగెను. బావి ఎండినది గదా, అందులోనే వేయుమంటిమి. ఎండినదో లేదో దిగి చూడలేదు. అప్పటినుండి ఆ మూల తుమ్మపొదలును ప్లాస్టిక్ సంచులును నిండియున్నవి. అక్కడ దుకాణములు కట్టి అద్దెకిచ్చినయెడల సంఘమునకు ఆదాయము వచ్చునని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. ఆ మాటను మేము తేలికగా తీసివేయము. పాస్టరుగారి జీతము నెలనెల ఎట్లు కూడుచున్నదో మాకు తెలియును. అయినను ఇరువదియైదవ వచనములో ఇస్సాకు బలిపీఠము కట్టిన చోటనే అతని దాసులు బావి త్రవ్విరని చదువునప్పుడెల్ల ఆ మూల మా కన్నులయెదుట నిలుచుచున్నది.

కోత పండుగ అయిన తరువాతి సోమవారమున రాళ్లు తీయుటకు పూనుకొందుమని పెద్దలలో నలుగురు ఒప్పుకొనిరి, ముగ్గురు ఇంకను ఒప్పుకొనలేదు. యౌవనస్థులు గడ్డపారలు, తట్టలు సిద్ధపరచుచున్నారు. బావి నోటిమీద పిట్టలు గూడు కట్టిన తుమ్మచెట్టు ఒకటి ఉన్నది. పిల్లలు ఎగిరిపోవువరకు దానిని కొట్టకూడదని స్త్రీల సమాజమువారు కబురు పంపిరి. ఆ మూలనుండి పని మొదలుపెట్టము.