ఎవరికిని తగులని బండి



ఇద్దరు మనుష్యులను తలంచుకొనుడి. ఇద్దరును హైదరాబాదులో కారు నడుపువారే. ఒకే దినమున, సాయంకాలము బడి విడిచిపెట్టు వేళ, ఇద్దరును చిక్కడపల్లి సందులలో గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోయిరి. మొదటివానికి ఎవరును అడ్డము రాలేదు. అతడు ఇల్లు చేరి, కాళ్లు కడుగుకొని, భోజనము చేసి పండుకొనెను. రెండవవాని బండి యెదుటికి ఒక పిల్ల పరుగెత్తి వచ్చెను. ఆ పిల్ల మరి లేదు. ఇప్పుడు చెప్పుడి, ఈ యిద్దరిలో తప్పు చేసినవాడెవడు?

రెండవవాడే యని లోకము చెప్పును. చట్టము కూడ ఇంచుమించు అట్లే చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను ప్రకారము, ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు బండి తోలినవానికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. నిర్లక్ష్యముచేత ఒకరు మరణించిన యెడల 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు జైలు. చట్టమునకు దాని కారణములు కలవు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీటిని న్యాయస్థానము చూడకుండ ఉండరాదు. అయితే మనస్సాక్షి యెదుట ఈ లెక్క చెల్లదని నా తలంపు. ఇద్దరు చేసిన పని ఒక్కటే. పిల్ల ఏ సందులోనుండి వచ్చునో ఇద్దరిలో ఎవనికిని తెలియదు. మొదటివానికి పిల్ల ఎదురుపడలేదు, అంతే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ యున్నది. మిద్దెకు పిట్టగోడ ఉండవలెను. ఎవడైనను పడిన తరువాత కట్టునది కాదు, క్రొత్త యిల్లు కట్టునప్పుడే కట్టవలసినది. కనుక పిట్టగోడ లేని మిద్దెమీదనుండి నూరేండ్లు ఎవరును పడకపోయినను ఆ యజమానుడు ఆజ్ఞ మీరినవాడే. బడి ముందర బండి వేగము తగ్గించుట కూడ ఇట్టి పిట్టగోడయే.

ఆ పేటలను చూడనివారికి కొంచెము చెప్పవలెను. 1928లో మాడపాటి హనుమంతరావు గారు తెలుగు బాలికల కొరకు ఆరంభించిన పాఠశాల నారాయణగూడలో నున్నది. దాని చుట్టుప్రక్కల ఇంకను ఎన్నో బడులు, కాలేజీలు. ప్రక్కనే చిక్కడపల్లి, ఇరుకు సందులు, ఇండ్లు, కొట్లు. అశోక్‌నగర్‌లోనైతే గ్రూపు పరీక్షలకు చదువుకొను యువతీయువకులు హాస్టళ్లలో నిండియున్నారు. వారు పుస్తకములు చంకనుంచుకొని కేంద్ర గ్రంథాలయమునకు నడచి పోవుదురు. వారెవరనుకొంటిరి? మన పల్లెల పిల్లలే. 2020 ఫిబ్రవరి నుండి అక్కడి పెద్ద రోడ్డుమీద మెట్రో రైలు నడచుచున్నది. సౌకర్యమే, కాదనను. కాని దాని లావు స్తంభముల చాటున నిలిచిన చిన్న పిల్లను తోలువాని కన్ను పట్టలేదు.

“నాకు చేయి తిరిగినది, నా బ్రేకులు మంచివి” అని కొందరందురు. వినుడి. అపాయమును చూచి కాలు బ్రేకుమీద పెట్టుటకు ఎంతటివానికైనను ఇంచుమించు ఒక సెకను పట్టును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున ఆ ఒక్క సెకనులో బండి 14 మీటర్లు పోవును. గంటకు 30 కిలోమీటర్లయితే 8 మీటర్లు పోవును. పొడి రోడ్డుమీద మంచి బ్రేకులున్న కారు మరి 5 మీటర్లలో నిలిచిపోవును. అనగా మెల్లగా వచ్చినవాని కారు పూర్తిగా నిలిచిపోయిన చోట, వేగముగా వచ్చినవాడు ఇంకను బ్రేకు తొక్కనే లేదు! నడచువారును బండ్లును కలిసిపోవు వీధులలో 30కి మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో కూడిన దేశముల ప్రతినిధులు ప్రకటించుటకు కారణమిదే.

“పిల్లలే అడ్డము వచ్చిరి” అనునది మరియొక మాట. ఏడేండ్ల పిల్లకు బండి ఎంత దూరములో నున్నది, ఎంత వేగముగా వచ్చుచున్నది అను అంచనా ఉండదు. లైసెన్సు తీసికొన్నది ఆ పిల్ల కాదు. ఇక చుట్టు తిరిగిపోవుటకు బద్ధకించి ఎదురుదారిని వచ్చువారి సంగతి ఏమందును? బండి వచ్చు దిక్కు చూచి దాటవలెనని తల్లి నేర్పినట్లే పిల్ల చేయును. బండి వెనుకనుండి వచ్చును.

యెహూను యెజ్రెయేలు కావలివాడు దూరమునుండియే, రథము తోలు తీరునుబట్టి గుర్తుపట్టెను. మన పేటలలో అట్టి యెహూలకు కొదువ లేదు, వారిలో కొందరికి మీసములైనను రాలేదు. ఈ మాట పల్లెలోని తండ్రులతో చెప్పుచున్నాను. కాలేజీలో చేరిన పదునేడేండ్ల కుమారునికి ముచ్చటపడి మోటారు సైకిలు కొని పంపెదరు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండనివాడు బండితో నేరము చేసిన యెడల తండ్రికి గాని బండి యజమానునికి గాని మూడేండ్ల వరకు జైలును 25,000 రూపాయల జుల్మానాయును కలవు. ఆ పిల్లవానికి ఇరువదియయిదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు.

ఇంత వేగము దేనికి? ఒక కిలోమీటరు దారిని 30 వేగముతో పోయిన 2 నిమిషములు, 50 వేగముతో పోయిన 72 సెకనులు. మిగులునది 48 సెకనులు. ఇరానీ హోటలులో చాయ చల్లారుటకైనను అది చాలదు.

పండుగకు కుమారుడు ఇంటికి వచ్చినప్పుడు, “ఎవరికిని తగిలించలేదు గదా, నాయనా?” అని అడిగి ఊరకుండకుడి. బడి విడిచిపెట్టు వేళ నారాయణగూడలో అతని బండి ముల్లు ఏ అంకెమీద నుండునో అడుగుడి.