తీరమునకు త్రోవ

మంచిదానిని కాపాడినవాడు దానిని ఇతరులకు మూసివేయవచ్చునా? ఒక దూరదేశపు సంగతి ఈ ప్రశ్నను తేటపరచును.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా సుమారు 100 మైళ్ల దూరమున, సముద్రపుటొడ్డున, సీ రాంచ్ అను ఊరున్నది. ఒకప్పుడది గొఱ్ఱెలు మేసిన బీడు. 1960ల నడుమ అక్కడ పట్టణవాసుల విశ్రాంతికై ఇండ్లు కట్టనారంభించిరి. లారెన్స్ హాల్‌ప్రిన్ అను నేర్పరి తీరపు అందము చెడకుండ ఏర్పాటు చేసెను. ఇండ్లకు రంగులేని చెక్క గోడలు. ఇంటికి ఇంటికి నడుమ కంచె లేదు. చాల భూమి ఉమ్మడిగా విడిచిరి. ఇది మెచ్చదగినదే.

అయితే దాదాపు 10 మైళ్ల తీరము వారి చేతిలో నుండగా, బయటివారికి నీటియొద్దకు త్రోవ కరవాయెను. తమలో తమకు కంచె లేనివారు పరులకు కంచెయైరి. 1972లో కాలిఫోర్నియా ప్రజలు ఓటువేసి తీరరక్షణకు ఒక సంఘము నేర్పరచిరి. దీర్ఘ వివాదము పిమ్మట 1980లో చట్టము పుట్టి, ఆ ఊరిగుండ ప్రజలకు ఐదు కాలిబాటలు ఏర్పడెను; కట్టదలచిన ఇండ్ల లెక్కయు తగ్గెను.

గుంపులు త్రొక్కిన పచ్చిక చచ్చునన్న భయము అబద్ధము కాదు. అందుకే రాజమార్గము గాక సన్నని బాటయే చాలును. పొలము యజమానునిదే యైనను దాని అంచులు బీదకును పరదేశికిని విడువవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను గదా. దానివలన పొలము తగ్గలేదు.

కావున కాపాడుట మన పని. త్రోవ విడుచుటయు మన పనియే.