ప్రమాద మెవరి పాలు?

కొంతకాలము క్రిందట మా తరగతి విద్యార్థి యొకడు తన అన్నగారి ఫోనులో నొక దృశ్యమును తెచ్చి మాకు చూపెను. అది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, మార్టిన్స్‌విల్ అను చోట, 2022 అక్టోబరు 30వ తేదీన జరిగిన కారుపందెము. కడపటి చుట్టు నడుచుచున్నది. రాస్ చాస్టెయిన్ అను చోదకుడు పదవ స్థానమున నున్నాడు. ఆ సంవత్సరపు తుదిపోటీకి అర్హుడగుటకు అతడింకను ఇద్దరిని దాటవలెను. మలుపు సమీపింపగా తక్కినవా రందఱును వేగము తగ్గించిరి. అతడు తగ్గింపలేదు. పై గేరు వేసి, కారును వెలుపలి గోడకు రాయించి, ఆ గోడయే పట్టుగా మలుపంతయు దూసికొనిపోయి, అయిదుగురిని దాటి గీత చేరెను. ఈ యుపాయ మాతనికి చిన్ననాడు ఆడిన వీడియో ఆటనుండి తోచినదట. "మాస్టారూ, ఆయన చేసింది న్యాయమేనా?" అని బాలుడడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ దృశ్యమును మఱి రెండుమారులు చూచితిమని మాత్రము ఒప్పుకొనవలసియున్నది.

స్టాక్ కారు అనగా అంగడిలో అమ్మకమునకుంచిన మామూలు కారని మొదటి యర్థము. నేటి పందెపు కారునకు అంగడి కారుతో ఆకారమందు కొంత పోలిక తప్ప వేఱు సంబంధము మిక్కిలి స్వల్పము. 1948లో ఏర్పడిన నాస్కార్ అను సంస్థ యీ పందెములకు నియమములు చేయును. పందెమును ప్రదర్శించి ధనమార్జించునదియు నదియే. తీర్పరియు వర్తకుడును ఒక్కడే యైనచోట ప్రతి నియమమును రెండుమారులు చదువుట మంచిది. వేగము, క్షేమము, ఉల్లాసము అను మూడింటిని సమముగా తూచి నియమములు చేయుదుమని ఆ సంస్థవారందురు. తూకములో నాలుగవదొకటి మఱుగుపడుచున్నదని మాకు తోచుచున్నది. నియమము మాఱినపుడు ప్రమాదము తగ్గెనా, లేక ఒకరి నెత్తినుండి మఱియొకరి నెత్తికి తరలెనా?

అలబామా రాష్ట్రమున తాలడేగా అను చోట 2.66 మైళ్ల బాట గలదు. దాని మలుపులు 33 డిగ్రీల వాలున గోడలవలె లేచియుండుటచే వేగమున కడ్డు తక్కువ. 1987 ఏప్రిలున బిల్ ఎలియట్ అచ్చటి అర్హతాపరుగులో గంటకు 212.809 మైళ్ల వేగము నందెను. మన లెక్కలో అది దాదాపు 342 కిలోమీటర్లు. మూడు దినముల పిమ్మట జరిగిన పందెమున బాబీ అల్లిసన్ కారు టైరు చీలి, కారు వెనుకకు తిరిగి, గాలికి పైకి లేచి, ప్రేక్షకుల ముందున్న ఇనుపవల కంచెపై బడి దానిని చాలదూరము చించివైచెను. కొందఱు గాయపడిరి. కారు కంచె దాటి జనముమీద బడలేదు. పడియున్న నేమై యుండెడిదో, 1955లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించిన యుదంతము నెఱిగినవా రూహింపగలరు. ఆనాడు తాలడేగాలో గెలిచినది బాబీ కుమారుడు డేవీ. అతనికదియే మొదటి గెలుపు. తండ్రి కారు గాలికి లేచుట నతడు తన యద్దములో చూచెనట.

మఱుసటి సంవత్సరము క్రొత్త నియమము వచ్చెను. తాలడేగా, డేటోనా అను రెండు పెద్దబాటలయందు ప్రతి కారు కార్బురేటరు క్రిందను నాలుగు చిన్నరంధ్రములుగల పలుచని లోహపు పలక బిగింపవలసియుండెను. ఇంజనునకు గాలి తగ్గును; గాలి తగ్గిన బలము తగ్గును; బలము తగ్గిన వేగము తగ్గును. అర్హతాపరుగు వేగములు 200 మైళ్లకు లోబడెను. ఇంతవరకు సర్వము యుక్తము.

కాని యిచ్చటనే చిక్కున్నది. అందఱి బలమును సమానముగా కుదించుటచే ఎవ్వడును గుంపును విడిచి ముందునకు పోజాలడు. ముందు కారు గాలిని చీల్చుకొని పోవుచుండ, దాని వెనుకనున్నదానికి గాలి యెదురు తక్కువై, గుంపులోనుండుటయే లాభమాయెను. ముప్పది నలువది కార్లు జానెడెడముతో, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపెట్టి, గంటల తరబడి పరుగెత్తును. ఒకని పొరపాటు ఇరువదిమందిని కూల్చును. అట్టి కూలుడుకు ఆ దేశపువారు "బిగ్ వన్" అని ముద్దుపేరు పెట్టుకొనిరి. వాన కొఱకు వలె దానికొఱకు ఎదురుచూచువారు గలరు. 2010 ఏప్రిలున తాలడేగా పందెమున అగ్రస్థానము 88 మారులు చేతులు మాఱెను. ఉల్లాసమునకు కొఱత లేదు. ప్రేక్షకుని కాపాడుటకు పుట్టిన నియమము ప్రమాదమును చోదకుల నడుమ పంచి, ఆ పంపకమును చూచుటకు టిక్కెట్టు నమ్మెను. కపటముతో చేసిరని మేమనము. ఫలితము మాత్రమిట్టిది.

మఱియొక నియమమును గమనింపుడు. ఈ రెండు బాటలందును లోపలివైపున పసుపుపచ్చ గీత గలదు. దానికి దిగువకు దిగి ఎదుటివానిని దాటరాదు. ఇదియు క్షేమము కొఱకే. 2008 అక్టోబరున తాలడేగాలో రీగన్ స్మిత్ కడపటి క్షణమున గీత దిగి దాటగా, గెలుపు నతనినుండి తీసి టోనీ స్టీవర్టున కిచ్చిరి. ఆఱునెలలకు, 2009 ఏప్రిలున, అదే బాటపై కడపటి చుట్టులో బ్రాడ్ కెసెలోస్కీ గీత ప్రక్కన పోవుచుండెను. కార్ల్ ఎడ్వర్డ్స్ అడ్డుకొనుటకై తన కారును క్రిందికి దింపెను. గీత దిగిన గెలుపు పోవును. కావున కెసెలోస్కీ దిగలేదు. కార్లు తాకెను. ఎడ్వర్డ్స్ కారు లేచి మరల ఆ కంచెకే కొట్టుకొనెను. ప్రేక్షకులు మరల గాయపడిరి. ఎడ్వర్డ్స్ కారునుండి దిగి, పరుగెత్తి, కాలినడకనే గీత దాటగా జనము చప్పట్లు చఱచిరి. ఇరువదిరెండేండ్ల క్రిందట ఎచ్చటినుండి బయలుదేఱెనో ప్రమాదమచ్చటికే తిరిగి వచ్చెను.

చోదకులు తెలిసియే యిందు దిగినారుగదా, వారి యిష్టమునకు మనమేల వగవవలెనని కొందఱందురు. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. గజయీతగాడు ఏటిలో దిగునపుడు మనము వలదన్నను వినడు. కాని చోదకుడు ఒప్పుకొన్నది వేగమునకు; పలకలచే కట్టబడిన గుంపు అతడు కోరినది కాదు, నియమకర్త యతనికిచ్చినది. ఇష్టములేనివాడు పందెము మానవచ్చు ననుట, అన్నము నచ్చనివాడు ఆకలితో నుండవచ్చు ననుటవంటిది.

మన యాలంకారికులు భయానకమును రసములలో నొకటిగా లెక్కించిరి. భయ మానంద మెట్లగునని ప్రశ్నించి, రంగస్థలముపై నున్నది ఎవ్వరికిని సొంతమైన భయము కాదు గనుక దాని నాస్వాదింపగలుగుదుమని సమాధానపడిరి. నాటకము ముగియగానే చచ్చినవాడు లేచి రంగు కడుగుకొని యింటికి పోవును. పందెమున ఆ భయమునకు సొంతదారు డొకడు గలడు. మనము దానిని రసముగా ననుభవించు క్షణముననే అతనికది ఎముకల వ్యవహారము.

ఆ సంగతి 2001 ఫిబ్రవరి 18వ తేదీన తేటపడెను. డేటోనా పందెపు కడపటి మలుపున డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడకు తగిలెను. చూచువారికది ఘోరముగా కనబడలేదు. కారు పల్టీకొట్టలేదు, మంటలు లేవలేదు. పుఱ్ఱె యడుగుభాగము విఱిగి ఆయన మరణించెను. తలను భుజములకు కట్టియుంచి ఇట్టి దెబ్బను తప్పించు హాన్స్ అను సాధనము అప్పటికే యుండెను. ఆయన కది గిట్టదు, ధరింపలేదు. ఆ యక్టోబరున తలకట్టును నిర్బంధము చేసిరి. 2002 నుండి నెబ్రాస్కా విశ్వవిద్యాలయపువారు కల్పించిన మెత్తని గోడలు వచ్చెను. ఉక్కుగొట్టముల వెనుక నురుగుదిమ్మెల నుంచి దెబ్బను మ్రింగునట్లు వానిని కట్టిరి. ఈ రెండును ప్రమాదమును ఒకరినుండి మఱియొకరికి తరలింపలేదు. దానిని నిజముగా తగ్గించెను. అటుపిమ్మట నాస్కార్ ప్రధానశ్రేణి పందెములలో చోదకు డొక్కడును మరణింపలేదు. ఇవి పందెపు ఉల్లాసమును తగ్గించెనని ఎవరును ఫిర్యాదు చేసినట్లు మే మెఱుగము. ఇష్టానిష్టముల వాదమునకు ఎర్న్‌హార్ట్ కథకంటె కఠినమైన ప్రత్యుత్తరము మాకు కనబడదు.

ఐనను చిక్కు తీఱలేదు. రక్షణసాధనములు పెరిగినకొలది చోదకుని తెగువయు పెరుగునని 1975లో శామ్ పెల్ట్జ్‌మన్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు వాదించెను. ఆ వాదము సర్వత్ర చెల్లకపోవచ్చును. మార్టిన్స్‌విల్ గోడపై మాత్రము చెల్లినది. వెనుకటి కాంక్రీటు గోడయైనచో చాస్టెయిన్ దాని నట్లు నమ్ముకొనియుండునా? ప్రాణము కాపాడుటకై యొకరు మెత్తపఱచిన గోడను అతడు నిచ్చెనగా వాడుకొనెను. ఆనాడు దానిని నిషేధించు మాట ఎవరికిని తట్టలేదు గనుక ఫలితము నిలిచెను. 2023 జనవరిలో, ఇకమీద నిట్లు చేసినవానికి ఉన్న క్షేమనియమము ననుసరించియే శిక్ష విధింతుమని సంస్థ ప్రకటించెను. అది సరియైన నిర్ణయమే. ఒక్కడు చేసిన సాహసమును పదిమంది చేసిన గోడ వెనుకనున్నవారి గతి యేమి? మా విద్యార్థికి మే మిచ్చిన సమాధానమిది: అతడు నియమము తప్పలేదు, కాని తన తెగువకు పూచీగా ఇతరుల భద్రతను నిలిపెను. బాలుడు తృప్తిపడలేదు.

అతనికి చెప్పని సంగతి యింకొకటి గలదు. ఆ 2022వ సంవత్సరముననే పందెము లింకను సమముగా, చౌకగా సాగుటకై క్రొత్త కారు నొకదానిని ప్రవేశపెట్టిరి. దాని వెనుకభాగము మిక్కిలి గట్టిది. తాను నలుగక దెబ్బను లోపలి మనుష్యునికి పంపుచున్నదని చోదకులు మొఱపెట్టిరి. జూలైలో పొకోనో అను చోట, అర్హతాపరుగులో, 2004 నాటి విజేత కర్ట్ బుష్ కారు వెనుకకు తిరిగి గోడను తాకెను. మెదడు అదరి, ఆ గాయము మానక, అతడు మరల నాస్కార్ ప్రధానశ్రేణి పందెమున దిగలేదు. 2023కు కారు వెనుకభాగమును కొంత మెత్తపఱచిరి. చాస్టెయిన్ గోడవెంట దూసిపోయిన నాటికి బుష్ ఇంటనున్నాడు. ఆ దెబ్బ తగిలిన దృశ్యమును మా విద్యార్థి చూడలేదు. చూచినను రెండవమారు చూడదగిన దందేమియు లేదు.