మబ్బులో మన వాటా

మాది అనంతపురం జిల్లా. మబ్బు పట్టిందంటే మా నాయన వాకిట్లోకి వచ్చి ఆకాశం కేసి చూస్తూ నిలబడేవాడు. పదిసార్లు పడితే తొమ్మిదిసార్లు కురవకుండానే తేలిపోయేది. అలాంటి ఊరినుంచి వచ్చిన నేను పదిహేనేళ్ళుగా 'క్లౌడ్' పేరు చెప్పుకుని అమెరికాలో బతుకుతున్నాను. మొదటిసారి ఈ ఉద్యోగం సంగతి ఫోన్లో చెప్పినప్పుడు నాయన నవ్వి, "కురిసే మబ్బేనా రా అది?" అని అడిగాడు. నామీద బాగానే కురిసింది. ఎవరి చేలో నీళ్ళు తగ్గి నాకు కురిసిందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నాకు తట్టలేదు.

మేముండేది ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. మనవాళ్ళు చాలామంది ఉన్న ఊరు. శనివారం కూరగాయలకు వెళితే నలుగురైదుగురు తెలుగువాళ్ళు ఎదురుపడతారు. ఈ ఊరికి ఇంకో పేరుంది, 'డేటా సెంటర్ ఆలీ' అని. 1990లలో ఇంటర్‌నెట్ తీగలు కలిసే పెద్ద కూడలి ఒకటి ఈ చుట్టుపక్కలే ఏర్పడింది. తీగలున్నాయని కంపెనీలు వచ్చాయి, కంపెనీలు వచ్చాయని మరిన్ని తీగలు వచ్చాయి. 2006లో అమెజాన్ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి రీజియన్ మా ఉత్తర వర్జీనియానే. పిల్లల్ని బడిలో దింపడానికి వెళ్ళేటప్పుడు రెండువైపులా కిటికీల్లేని బూడిదరంగు భవనాలు కనిపిస్తాయి. మా చిన్నవాడు వాటిని 'కళ్ళులేని ఇళ్ళు' అంటాడు.

ఒక శనివారం పొద్దున పక్కింటాయన ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. డేటా సెంటర్లకు కరెంటు చేరవేసే హైటెన్షన్ లైను మా కాలనీ వెనకనుంచి పోబోతోందట. దాన్ని వ్యతిరేకిస్తూ అర్జీ. చదివాను, న్యాయంగానే ఉంది. సంతకం చేసి లోపలికొచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆవిడకు చెప్పాను. ఆవిడ పప్పు తాలింపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది: "బాగానే ఉంది. మీ ఆఫీసు సర్వర్లన్నీ ఏ ఊళ్ళో ఉన్నాయండీ?"

నా దగ్గర జవాబుంది, కానీ నోరు పెగల్లేదు. యూఎస్-ఈస్ట్-1. అంటే ఈ చుట్టుపక్కలే. పదిహేనేళ్ళుగా ఆ పేరును తెరమీద జాబితాలోంచి ఎంచుకుంటున్నది నేనే.

ఈ పని తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. క్లౌడ్ అంటే గందరగోళంగా పోగేసిన యంత్రాల గుట్ట కాదు. రెవెన్యూ రికార్డుల కన్నా పద్ధతిగా ఉంటుంది. అన్నింటికన్నా పైన సంస్థ. దాని కింద అకౌంట్లు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు వీటినే సబ్‌స్క్రిప్షన్లంటారు, గూగుల్ వాళ్ళు ప్రాజెక్టులంటారు. వాటి కింద ఒక్కొక్క యంత్రం, ఒక్కొక్క డిస్కు. ఇది కాగితం మీది వంశవృక్షం. నేలమీది లెక్క వేరు: రీజియన్, దాని లోపల జోన్లు, ఒక్కో జోన్లో ఒకటో కొన్నో డేటా సెంటర్లు. ఒకచోట కరెంటు పోయినా రెండోచోట పని ఆగకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. వీటన్నిటికీ తోడు, ప్రతి వస్తువుకీ ఒక చీటీ అంటించవచ్చు. దాన్ని ట్యాగ్ అంటాం. ఏ ప్రాజెక్టుది, యజమాని ఎవరు, ఖర్చు ఎవరి పద్దులో రాయాలి అన్నవన్నీ దానిమీద ఉంటాయి. మంచి సంస్థలో దిక్కులేని యంత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.

మా సంస్థలో ఉన్నాయి, నలభై ఒకటి. అన్నింటి చీటీ మీదా యజమానిగా ఒకే పేరు. అతను నా సహోద్యోగి. ఎనిమిది నెలల కిందట ఉద్యోగాల కోతలో వెళ్ళిపోయాడు. అతని బ్యాడ్జి ఆ రోజు మధ్యాహ్నానికే పనిచేయడం మానేసింది. యంత్రాలు మాత్రం రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఆ సంగతి నాకు మొదటి నెలలోనే తెలుసు. ఎందుకు ఆపలేదంటారా? డబ్బు నాది కాదు. పైగా ఆపితే ఎక్కడైనా ఏదైనా తెగుతుందేమో, నా మెడకు చుట్టుకుంటుందేమో. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళతరబడి నిలబడినవాడు అనవసరమైన స్విచ్‌ల మీద చెయ్యి వెయ్యడు. నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, కారణం అదే.

ఆ శనివారం రాత్రి మా ఊరి నీరుగంటి గుర్తొచ్చాడు. చెరువు తూము అతని చేతిలో ఉండేది. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో అతనే చెప్పేవాడు. ఆయకట్టులో అతనికి సెంటు భూమి లేదు. కోతలయ్యాక రైతులు కొలిచి ఇచ్చే గింజలే అతని కూలి. నాకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి మా వంతు వచ్చింది. మడి నిండినా నాయన గట్టుమీద కునుకు తీశాడు. నీళ్ళు పొర్లి దారిలోకి పోతున్నాయి. నీరుగంటి లాంతరు పట్టుకుని వచ్చి నాయన్ను లేపాడు. తిట్టలేదు. "చివరి మడి ఇంకా తడవలేదు రెడ్డీ" అన్నాడు, అంతే. నాయన లేచి గబగబా మడవ కట్టేశాడు.

మడవకీ చివరి మడికీ మధ్య నడిచిన మనిషి కాబట్టి అతనా మాట అనగలిగాడు. మా తెరమీద ఎవరు వాడుతున్నారో, ఎవరు డబ్బు కడుతున్నారో పైసాతో సహా కనిపిస్తుంది. చివరి మడి కనిపించదు. 2023లో అమెరికా వాడిన కరెంటులో సుమారు 4.4 శాతం డేటా సెంటర్లదేనని ప్రభుత్వ పరిశోధనశాల లెక్క తేల్చింది. మా వర్జీనియాలో అయితే అది దాదాపు నాలుగో వంతు. ఆ కరెంటు ఏ లైనులో వస్తుందో, జనరేటర్లను పరీక్షించే రోజు డీజిలు పొగ ఎవరి వీధిలోకి పోతుందో రాసుకునే చీటీ ఏ ట్యాగులోనూ లేదు. నేను తెచ్చుకున్న యంత్రం భారం నా ఇంటి వెనక కంచె దాకా వస్తేగాని నాకు తెలియలేదు.

ఈ మాటే ఒక మిత్రుడితో అంటే అతను ఒప్పుకోలేదు. "వాడుకున్నదానికి ధర కట్టాం కదా, ఇంక పాపం ఏముంది? పూర్వం ప్రతి కంపెనీ తన సర్వర్లు తానే కొనుక్కుని సగానికి పైగా ఊరికే ఉంచేది. పదిమంది పంచుకోవడం పొదుపే కదా" అన్నాడు. పంచుకోవడం పొదుపన్నది నిజమే. కానీ కొనాలంటే మూడు నెలలూ ముగ్గురి సంతకాలూ పట్టే రోజుల్లో మనిషి ఆలోచించేవాడు. ఇప్పుడు ఒక్క నొక్కుతో వస్తుంది, అందుకే నలభై ఒకటి వచ్చాయి. ఇక ధర అంటారా, నాయన కూడా నీటితీరువా కట్టాడు. కట్టిన తీరువాతో పొర్లబెట్టే హక్కు వస్తుందని నీరుగంటి ఒప్పుకునేవాడు కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ భవనాలు కట్టే పన్నులే మా కౌంటీ ఆదాయంలో పెద్ద భాగం. మా పిల్లల బడి వాటితోనే నడుస్తోంది. అంటే జీతం అక్కడినుంచే, బడి అక్కడినుంచే, అర్జీ మీద సంతకం మాత్రం దానికి వ్యతిరేకంగా. అలాగని సంతకం తప్పని నేననుకోను. నష్టం భరించేవాడికి లాభం కూడా అందుతోందని చెప్పి వాడి నోరు మూయించకూడదు. కాకపోతే ఆ కాగితం మీద నా సంతకం సగమే పడింది. మిగతా సగం ఆఫీసులో పెట్టాలి.

సోమవారం ఆ పని మొదలుపెట్టాను. అన్ని బృందాలకూ కబురు పంపి రెండువారాలు ఆగాను. తర్వాత యంత్రాలను చెరిపేయకుండా ఆపాను. మూడోరోజు ఒక చిన్న బృందం నుంచి గోల వచ్చింది. ఒకటి వాళ్ళ నెలాఖరు లెక్కలకు కావాలట. క్షమాపణ చెప్పి మళ్ళీ నడిపించి, చీటీ మీద వాళ్ళ పేరు రాయించాను. మిగతా నలభై గురించి ఎవరూ అడగలేదు. బిల్లు తగ్గిందని మేనేజరు మెచ్చుకున్నాడు. అసలు కారణం ఆయనకు చెప్పలేదు. ఆ నలభై యంత్రాలతో లైను ఆగిపోదని నాకూ తెలుసు. మడి నిండాక నాయన కట్టిన మడవతో కూడా చెరువేమీ నిండలేదు.

2025 అక్టోబరులో విశాఖ నుంచి మా బావమరిది ఫోన్. "బావా, మీ క్లౌడు మా ఊరొచ్చేస్తోంది! గూగుల్ వాళ్ళు అయిదేళ్ళలో పదిహేను బిలియన్ డాలర్లు పెడతారట!" వాడి గొంతులో సంబరం చూస్తే నాకూ సంతోషమేసింది. అంతకుముందు 2022లో హైదరాబాదులో అమెజాన్ రీజియన్ తెరిచినప్పుడు నేనూ ఇలాగే గంతులేశాను. ఆ మబ్బు కిందే ఇల్లు కట్టుకున్నవాణ్ణి, వద్దని చెప్పడానికి నాకు నోరెక్కడిది? మా కౌంటీ సంగతి మాత్రం చెప్పాను. ముప్ఫై ఏళ్ళు కట్టనిచ్చి, 2025 మార్చిలోగాని, కొత్తగా వచ్చే ప్రతి డేటా సెంటరుకీ బహిరంగ విచారణ, బోర్డు అనుమతి ఉండాలన్న నిబంధన రాలేదని.

"రానీరా, మంచిదే. కానీ నీళ్ళెక్కణ్ణుంచి, కరెంటు ఏ లైన్లో, లెక్క ఎవరు చూస్తారు అన్నవి పునాది తవ్వకముందే అడగండి. మేం ఆలస్యంగా అడిగాం" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవర్ని అడగాలి బావా?" అన్నాడు.

మా ఊళ్ళో అయితే నీరుగంటిని అడిగేవాళ్ళం. వాడికి ఎవరి పేరు చెప్పాలో నాకింకా తోచలేదు.