పొగ విడిపోయేదాకా

అమెరికాలోని పెన్సిల్వేనియా అడవుల్లో క్రిస్మస్ వెళ్ళాక ఒక వేట కాలం వస్తుంది. పాతకాలపు చెకుముకి తుపాకీలతో తెల్లతోక జింకను వేటాడేవాళ్ళ కోసం పెట్టిన కాలం అది. 1974లో మొదలైంది. చెట్లు ఆకులు రాల్చేసి ఉంటాయి, చలి ఎముకల్లోకి దిగుతూ ఉంటుంది. అయినా కొందరు ఏడాదంతా ఆ రోజుల కోసమే ఎదురుచూస్తారు.

ఆ తుపాకీకి గొట్టం మూతిలోంచి మందు పోయాలి. గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండును పెట్టి కడ్డీతో లోపలికి దట్టించాలి. దెబ్బ ఒక్కటే. ఇంకోసారి కాల్చాలంటే మళ్ళీ మొదటి నుంచీ అంతా చేసుకోవాలి. మన ఏజెన్సీ ఊళ్ళలో నాటు తుపాకీ చూసిన పెద్దవాళ్ళకు ఇదేం కొత్త కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల వేట నేరం. మీకు వేటంటేనే మనసొప్పకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. నా ధ్యాస కూడా జింక మీద లేదు. ట్రిగ్గర్ నొక్కాక ఆ వేటగాడు ఏం చేస్తాడన్న దాని మీద ఉంది.

ట్రిగ్గర్ నొక్కగానే ఈ తుపాకీ పేలదు. ముందు చెకుముకి రాయి ఉక్కు రేకును గీస్తుంది. రవ్వలు రాలతాయి. పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు భగ్గుమంటుంది. ఆ మంట సన్నని రంధ్రంలోంచి లోపలికి వెళ్ళి అసలు మందుకు అంటుకోవాలి. అప్పుడు గానీ గుండు బయటికి రాదు. ఇదంతా రెప్పపాటులో అయిపోయేదే. కానీ కంటి పక్కనే మంట లేచినప్పుడు మనిషి ఉలిక్కిపడతాడు, భుజం కదులుతుంది, గురి తప్పుతుంది. అంతసేపూ ఓపిగ్గా గురిపెట్టింది ఆ రెప్పపాటులోనే పాడైపోతుంది. అందుకే కొత్తవాళ్ళకు పెద్దలు నేర్పేది ఒకటే: నొక్కాక కూడా కదలకు, గురి అలాగే పట్టుకో. ఒక్కోసారి గిన్నెలో మంట లేస్తుంది గానీ తుపాకీ పేలదు. అప్పుడైనా గొట్టాన్ని ఎవరికీ హాని లేని వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలంటారు. లోపల నిప్పు ఇంకా రాజుతూ ఉండొచ్చు.

మిత్రమా, మీరిప్పుడు ఆ రెప్పపాటులో ఉన్నారేమో?

చేయాల్సింది చేశారు. దరఖాస్తు పంపారు. రక్తపరీక్షకు ఇచ్చారు. అలిగి వెళ్ళిపోయిన తమ్ముడికి ఫోన్ చేసి క్షమించమని అడిగారు. కొడుకుని పరీక్ష హాలు దాకా దింపి వచ్చారు. ఇక మీ చేతిలో ఏమీ లేదు. పనిచేసినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ అలసటగా లేదూ? చేతులకు పని లేనప్పుడు మనసు రెట్టింపు పనిచేస్తుంది మరి. ఇంకోసారి ఫోన్ చేద్దామా? నేను అన్న మాట తప్పుగా అర్థమైందేమో? రాత్రి రెండింటికి ఇవే ప్రశ్నలు.

తుపాకీ పేలాక కూడా వేటగాడి ఎదురుచూపు తీరదు. తుపాకీ మందు పొగ తెల్లగా, దట్టంగా ముందుకు పరుచుకుంటుంది. జింక పడిందో పారిపోయిందో కనబడదు. తోక పైకెత్తి పరుగు తీసిందా లేదా అన్నదాన్ని పట్టుకుని కూడా ఏదీ తేల్చేయకూడదు. పడినట్టు కళ్ళారా చూస్తే తప్ప, అనుభవమున్నవాడు మళ్ళీ మందు దట్టించుకుని అరగంటైనా కూర్చుంటాడు. తరిమితే గాయపడిన జింక ఎక్కడికో పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. ఆ అరగంట సోమరితనం కాదు, వేటలో అదీ భాగమే.

బైబిల్లో రూతు గుర్తుకొస్తోంది నాకు. కళ్ళంలో బంధువైన బోయజు పాదాల దగ్గర, తనను పెళ్ళి చేసుకోమని అడగాల్సింది అడిగి, తెల్లవారకముందే ఇంటికి వచ్చేసింది. ఇక తేలాల్సింది ఊరి గుమ్మం దగ్గర, పెద్దల మధ్య. అక్కడ ఆమె కూర్చోలేదు, మాట్లాడలేదు. అప్పుడు అత్త నయోమి ఏమంది? సంగతి తేలేదాకా ఊరికే ఉండు అమ్మా, ఈ పని ముగించేదాకా అతనే ఊరుకోడు అంది. రూతు నిశ్చింతగా కూర్చోగలిగింది తన మనసు గట్టిదని కాదు. ఆమె పనిని భుజాన వేసుకున్నవాడు ఆ ఉదయం ఊరుకోలేదు గనుక.

పైగా ఆమె ఖాళీ చేతులతో రాలేదు, ఆరు కొలల యవలు తెచ్చుకుంది. జవాబు ఇంకా రాలేదు గానీ ఆ పూట గింజలు ఇంట్లో ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఈ పూటకు ఏదో ఉండే ఉంటుంది. ఒకసారి చూసుకోండి.

మీరు కోరినట్టే అవుతుందని నేను మాటివ్వలేను. రూతుకు జరిగినట్టు అందరికీ జరగదు, అది మీకూ తెలుసు. కానీ ఆ గుమ్మం దగ్గర మీ తరఫున దేవుడు మెలకువగా ఉన్నాడు. మీకు కనబడనిది ఆయనకు కనబడుతోంది. ఆ పొగ మీ కళ్ళకే అడ్డం.

మరి ఈరోజు ఏం చేద్దాం? పెద్దవేమీ వద్దు. మిమ్మల్ని తినేస్తున్న ఆ ఒక్క సంగతిని పేరుపెట్టి ఆయనకు చెప్పండి. మధ్యాహ్నం భోజనం దాకా దాని గురించి ఎవరికీ ఫోన్ చేయకండి, మెసేజ్ వచ్చిందా అని చూడకండి. ఈలోపు అమ్మకు మాత్ర ఇవ్వాలి, బట్టలు ఆరేయాలి, పక్కింటావిడ గిన్నె తిరిగివ్వాలి. అవి చేసుకోండి.

తండ్రీ, నా వంతు చేశాను, మిగిలింది నీ దగ్గర పెడుతున్నాను. మధ్యాహ్నం దాకా కదలకుండా ఉండే బలం ఇవ్వు. ఆ తర్వాత మళ్ళీ భయమేస్తే మళ్ళీ నీ దగ్గరికే వస్తాను. ఆమెన్.